యుద్ధానికెళ్ళిన మన బడి పిల్లల్ని గుర్తుపెట్టుకోవడం ఎలా: పేర్లు వెతకడం నుంచి బోర్డు పెట్టేదాకా

స్కూల్‌కి యాభయ్యేళ్ళో వందేళ్ళో నిండుతున్నాయంటే మీటింగ్‌లో ఎవరో ఒకరు లేచి "ఇక్కడ చదివి యుద్ధానికెళ్ళినవాళ్ళ పేర్లు ఒక బోర్డు మీద రాయిద్దాం" అంటారు, అందరూ సరే అంటారు, పదిరోజుల్లో రాయి చెక్కేవాళ్ళకి అడ్వాన్స్ కూడా వెళ్ళిపోతుంది. మరి పేర్లు ఎక్కడివి అంటే ఆ మీటింగ్‌లో ఉన్నవాళ్ళకి గుర్తున్న ఆరేడు పేర్లు. మేమూ సరిగ్గా అలాగే మొదలుపెట్టాం. బోర్డు తెరిచిన రోజు ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి వేలితో ఒక పేరుని తడిమి తడిమి చూసి "ఇది మా తమ్ముడి పేరు కాదు బాబూ, వాడి పేరులో ఈ అక్షరం లేదు" అంది. ఆ మాట నేను మర్చిపోలేను. తర్వాత దాదాపు మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి చేశాం, అందులో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా, మీరు మా తప్పు చేయకూడదని.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఒక సైనికుడి గురించి సైన్యం దగ్గర నంబరు, ర్యాంకు, యూనిట్, చనిపోయిన తేదీ, సమాధి ఎక్కడుందో అన్నీ ఉంటాయి. ఆయన ఎనిమిదో తరగతిలో లెక్కలు రాక ఏడ్చాడనీ, స్కూల్ డే నాటకంలో వేషం వేశాడనీ, హైజంప్‌లో ఫస్ట్ వచ్చాడనీ ఏ సైన్యం ఫైల్లోనూ ఉండదు. అది స్కూల్‌కి మాత్రమే తెలుసు. కాబట్టి స్కూల్ చేసే జ్ఞాపకం రెజిమెంట్ చేసేదానికి నకలు కాకూడదు, ఆ కుర్రాడిని కుర్రాడిగా చూపించాలి. కింద చెప్పే పనులన్నీ దీనికోసమే.

మొదటి పని: ఎవరెవరు లెక్కలోకొస్తారో రాసిపెట్టుకోండి

ఇది పేర్లు వెతకడానికి ముందే చేయాలి, ఎందుకంటే తర్వాత చేస్తే ఎవరో ఒకరి ఇంటివాళ్ళని బాధపెట్టే నిర్ణయంలా కనిపిస్తుంది. చనిపోయినవాళ్ళేనా, పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు కూడానా? నా గట్టి అభిప్రాయం ఇద్దరూ ఉండాలి, కావాలంటే రెండు భాగాలుగా. తిరిగొచ్చినవాళ్ళు కూడా యవ్వనంలో కొన్నేళ్ళు అక్కడ పెట్టొచ్చారు, కొందరు కాలో చెయ్యో పోగొట్టుకుని వచ్చారు. ఒక్క ఏడాదే చదివి వేరే ఊరెళ్ళిపోయినవాళ్ళ సంగతేంటి? మేం ఒక్కరోజు అటెండెన్స్ ఉన్నా మనవాళ్ళే అని పెట్టుకున్నాం, దానివల్ల గొడవలు పోయాయి. టీచర్లు, బంట్రోతులు, వాచ్‌మన్‌గా చేసిన మాజీ సైనికులు? వాళ్ళకి వేరే పేజీ పెట్టండి, వదిలేయొద్దు.

తుపాకీ పట్టినవాళ్ళే సైనికులు అనుకుంటే సగం మంది జారిపోతారు. నర్సులు, డాక్టర్లు, స్ట్రెచర్ మోసినవాళ్ళు, సిగ్నల్స్, డ్రైవర్లు, వంటవాళ్ళు, ఓడల్లో పనిచేసిన నావికులు అందరూ లెక్కే. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడలు మునిగి పోయినవాళ్ళకి సమాధులే లేవు, వాళ్ళ కోసం లండన్ టవర్ హిల్ దగ్గర ప్రత్యేకంగా స్మారకం ఉంది. ఆడపిల్లల పేర్లు అసలు ఎవరూ వెతకరు. నూర్ ఇనాయత్ ఖాన్ బ్రిటన్ తరఫున రహస్య ఏజెంట్‌గా ఫ్రాన్స్‌లో దిగి 1944 సెప్టెంబర్‌లో డాఖౌ నిర్బంధ శిబిరంలో చనిపోయింది, ఆమె పేరు ఉన్నది ఇంగ్లాండ్‌లో రనీమీడ్ అనే చోట ఉన్న ఎయిర్‌ఫోర్స్‌వాళ్ళ స్మారకంలో, ఎందుకంటే కాగితాల్లో ఆమె ఎయిర్‌ఫోర్స్ మహిళా విభాగం మనిషి. అంటే మీరు వెతికే మనిషి మీరు అనుకున్న చోట ఉండకపోవచ్చు.

ఇంకో చిక్కు, రెండో వైపు పోరాడినవాళ్ళు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజ్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి చనిపోయిన ముగ్గురు పాత విద్యార్థులకి విడిగా ఒక ఫలకం ఉంది. యుద్ధం అయిన కొన్నేళ్ళకే శత్రుదేశంవాళ్ళ పేర్లు గోడమీద పెట్టడం అంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. మన దగ్గర ఒకే స్కూల్ నుంచి ఒకరు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో, ఇంకొకరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఉండే అవకాశం బాగా ఉంది. ఇద్దరినీ పెట్టండి, ఎవరు ఎక్కడ పనిచేశారో ఉన్నదున్నట్టు రాయండి, తీర్పు చెప్పడం మన పని కాదు.

రెండో పని: బయటికెళ్ళేముందు స్కూల్ బీరువా తెరవండి

అందరూ ముందు ఇంటర్నెట్‌లో పడతారు, అది తప్పు. ముందు అడ్మిషన్ రిజిస్టర్. అందులో పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి, తర్వాత మీరు బయట కనిపెట్టే ప్రతి సైనికుడినీ దీనితోనే సరిచూడాలి. టీసీ కౌంటర్‌ఫాయిల్స్‌లో "ఎందుకు మానేస్తున్నాడు" అనే గడి ఉంటుంది, అక్కడ "మిలిటరీలో చేరుట" అని ఒక్క ముక్క దొరికితే పండగే. స్కూల్ మ్యాగజైన్లు, ప్రైజ్ డే కరపత్రాలు, ఎన్‌సీసీ రిజిస్టర్, స్కౌట్స్ ఫొటోలు, హెడ్మాస్టర్లు రాసిన లాగ్ బుక్, పాత విద్యార్థుల సంఘం మినిట్స్ పుస్తకం, ఇవన్నీ పేజీ పేజీ తిప్పాలి. చెక్క బల్లల మీద చెక్కిన పేర్లు కూడా చూడండి, మాకు ఒకటి అలా దొరికింది.

రిజిస్టర్లని ఫోన్‌తోనే ఫొటో తీయండి చాలు, కానీ కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పైనుంచి నిలువుగా. ఫైల్ పేరులో సంవత్సరం, పేజీ నంబరు అప్పుడే పెట్టేయండి, తర్వాత పెడదాం అనుకుంటే ఆ తర్వాత రాదు. ఇంకొకటి, ఆ రిజిస్టర్లలో కులం, మతం, ఆదాయం గడులు కూడా ఉంటాయి. ఆ పేజీల్ని ఉన్నవి ఉన్నట్టు గ్రూపుల్లో పెట్టకండి, మీకు కావలసిన వరస మాత్రం రాసుకోండి.

మూడో పని: మనుషులతో మాట్లాడండి, అదీ ఇప్పుడే

ఇందులో నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది, మనిషి ఆగడు. మాకు జాబితాలో ఉన్న ఒకాయన్ని "వచ్చే నెల వెళ్దాం" అనుకుని రెండు నెలలు వాయిదా వేశాం, వెళ్ళేసరికి ఆయన మాట పడిపోయింది. అందుకే వయసు ప్రకారం వరస పెట్టుకుని అందరికంటే పెద్దవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళండి, ఎంత దూరమైనా సరే.

వెళ్ళేటప్పుడు ఇద్దరు వెళ్ళండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. రికార్డ్ చేస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకుంటేనే ఫోన్ ఆన్ చేయండి. మొదటి ప్రశ్న యుద్ధం గురించి అడగకండి. "సార్, బడికి ఎలా వెళ్ళేవారు, పక్కన ఎవరు కూర్చునేవారు, ఏ మాస్టారంటే భయం" అని అక్కడ మొదలుపెట్టండి, పెద్దాయన మొహం మారిపోతుంది, గొంతు లేస్తుంది, ఆ తర్వాత మిగతాదంతా ఆయనే చెప్తారు. ఎంతమందిని చంపారు లాంటి ప్రశ్న ఎప్పుడూ వద్దు. ఆయన ఆగిపోతే మీరూ ఆగండి, ఖాళీని మాటలతో నింపకండి. గంట దాటనివ్వకండి, అవసరమైతే మళ్ళీ వెళ్ళండి, రెండోసారి చెప్పేదే లోతుగా ఉంటుంది. ఇంటికొచ్చిన రోజు రాత్రే రాసేయండి, లేకపోతే ఆ రికార్డింగ్ ఇంకెప్పుడూ వినరు.

చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఇంకా నెమ్మదిగా ఉండాలి. ట్రంకుపెట్టె తీస్తారు, అందులో ఉత్తరాలు, పతకాలు, టెలిగ్రాం ఉంటాయి. అసలువి తీసుకెళ్ళకండి, ఎంత బతిమాలి ఇచ్చినా సరే, అక్కడే కూర్చుని స్కాన్ చేయండి లేదా ఫొటో తీయండి, అక్కడే తిరిగి ఇచ్చేయండి. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి, బాల్‌పెన్ వద్దు. లామినేషన్ అస్సలు వద్దు, ఆ వేడికి ఆ ప్లాస్టిక్‌కి పాత ఫొటో పాడవుతుంది, తిరిగి తీయడం కుదరదు. పతకాలకి పాలిష్ పెట్టకండి. దానికో కారణం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో నంబరు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి, రుద్ది రుద్ది అవి అరిగిపోతాయి. రెండో యుద్ధం పతకాలు బ్రిటన్‌లో పేర్లు లేకుండా ఇచ్చారు గానీ భారత, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దళాలవి పేర్లతో వచ్చాయి, కాబట్టి ఇంట్లో నక్షత్రం ఆకారంలో పతకం ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఒక్కోసారి మీకు కావలసిన సర్వీస్ నంబరు అక్కడే ఉంటుంది.

నాలుగో పని: బయటి రికార్డులు

ఇప్పుడు ఇంటర్నెట్, ఆఫీసులు. ఏది ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్, భారత, ఆస్ట్రేలియా, కెనడా వగైరా దళాల్లో చనిపోయినవాళ్ళకి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉంది, 1917లో పుట్టిన సంస్థ, 17 లక్షల మంది పేర్లు చూస్తుంది, వెతకడం ఉచితం. కానీ తేదీలు గమనించండి: వాళ్ళు లెక్కపెట్టేది 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, మళ్ళీ 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా. ఈ తేదీల లోపల సర్వీసులో ఉంటూ జబ్బుచేసి పోయినా పేరుంటుంది, దీనికి ఒక్కరోజు బయట గాయాలతో పోయినా ఉండదు. కొన్ని ఎంట్రీల్లో "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా" అని కూడా ఉంటుంది, ఆ ఒక్క వాక్యమే మీ రిజిస్టర్‌కి తాళంచెవి.

అందులో పేరు లేకపోతే ఆ మనిషి లేడని కాదు. 2021లో ఆ కమిషనే ఒక నివేదికలో ఒప్పుకుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కనీసం 1,16,000 మందిని, ఎక్కువగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వాళ్ళని, పేరుతో స్మరించలేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చని. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద కూడా భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గానీ మామూలు సిపాయిలని సంఖ్యలుగానే పెట్టారు. మొదటి యుద్ధంలో సుమారు 74,000 మంది, రెండో యుద్ధంలో సుమారు 87,000 మంది భారత సైనికులు పోయారు, ఇంతమందిలో ఎంతో మందికి ఊళ్ళో చిన్న గుర్తు కూడా లేదు. మీ స్కూల్ బోర్డు వాళ్ళలో ఒకరికి మొదటి గుర్తు కావచ్చు, అందుకే ఈ పని చిన్నది అనుకోకండి.

స్వాతంత్ర్యం తర్వాతి వాళ్ళకి ఢిల్లీలోని నేషనల్ వార్ మెమోరియల్, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు, అప్పుడు గోడల మీద 25,942 పేర్లు, దాని వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. పతకాలు వచ్చినవాళ్ళకి రక్షణశాఖ గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్ ఉంది. తిరిగొచ్చినవాళ్ళకి మాత్రం ఈ రెండూ పెద్దగా పనికిరావు, వాళ్ళకోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, మాజీ సైనికులు, వాళ్ళ భార్యలు అక్కడ నమోదు అయి ఉంటారు. జవాన్ల ఫైళ్ళు ఆయా రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి, అక్కడికి స్కూల్ రాసేకంటే కుటుంబంవాళ్ళ సంతకంతో వెళ్తే జవాబొచ్చే అవకాశం ఎక్కువ, ఇంట్లో ఉన్న డిశ్చార్జ్ బుక్, పెన్షన్ ఆర్డర్ కాపీ జత చేయండి.

వేరే దేశాల్లో పనిచేసినవాళ్ళుంటే, ఆస్ట్రేలియా, కెనడా మొదటి యుద్ధం ఫైళ్ళన్నీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టాయి, పేజీలు తిప్పుకుని చదవొచ్చు. బ్రిటన్‌లో మాత్రం మొదటి యుద్ధం మామూలు సైనికుల ఫైళ్ళలో సుమారు 60 శాతం 1940 బాంబుదాడిలో కాలిపోయాయి, అమెరికాలో 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి, కాబట్టి అక్కడ్నుంచి "ఏమీ లేదు" అని జవాబొస్తే నిరాశపడి వదిలేయకండి, పతకాల కార్డులు, లండన్ గెజెట్ అనే బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక, రెజిమెంట్ చరిత్రలు, అప్పటి పత్రికలు మిగిలే ఉన్నాయి. ఖైదీలుగా చిక్కినవాళ్ళకి అంతర్జాతీయ రెడ్‌క్రాస్ 1914-18 నాటి కార్డుల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది.

పేరు స్పెల్లింగ్ అనే తలనొప్పి గురించి విడిగా చెప్పాలి. మన పేర్లు రాసింది ఎవరో గుమాస్తా, ఆయనకి వినిపించినట్టు. వెంకటస్వామి అనే పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ వెతకండి. ఇంటిపేరు కొన్నిసార్లు ముందుంటుంది, కొన్నిసార్లు ఒక్క అక్షరం, కొన్నిసార్లు అసలుండదు, సైన్యంలో సొంత పేరుతోనే చేరిపోయినవాళ్ళు బోలెడంతమంది. జిల్లాల పేర్లు పాత స్పెల్లింగ్‌లో వెతకండి. పేరుతో దొరక్కపోతే తండ్రి పేరుతో, ఊరితో, నంబరుతో.

ఐదో పని: రెండు సాక్ష్యాలు లేకుండా ఏ పేరూ ఎక్కించకండి

మా మొదటి బోర్డు తప్పంతా ఇక్కడే. ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి, మనిషికో వరస. పేరు రిజిస్టర్‌లో ఎలా ఉందో ఒక గడి, సైన్యంలో ఎలా ఉందో ఇంకో గడి, కుటుంబం ఎలా రాస్తారో మూడో గడి. చదివిన సంవత్సరాలు, యూనిట్, ఎక్కడ, ఏ తేదీ, సమాధి లేదా స్మారకం. తర్వాత ముఖ్యమైన గడి: "ఇది మనకెలా తెలుసు". అందులో "అందరూ అంటారు" అని రాయాల్సొస్తే ఆ పేరు ఇంకా తయారు కాలేదని అర్థం. ఒక సాక్ష్యం స్కూల్‌లో చదివినట్టు, ఇంకొకటి యుద్ధంలో పనిచేసినట్టు, ఈ రెండిట్నీ ఒకే మనిషికి కట్టే ముడి ఒకటి, తండ్రి పేరో ఊరో ఉత్తరమో. ఆ ముడి లేకపోతే ఒకే పేరున్న ఇద్దర్ని కలిపేస్తారు.

పుట్టిన తేదీ కలవలేదని మాత్రం వెంటనే కొట్టేయకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో చేరడానికి 18 ఏళ్ళు, విదేశానికి పంపడానికి 19 నిండాలి, అయినా చాలామంది చిన్నపిల్లలు వయసు ఎక్కువ చెప్పి చేరిపోయారు. స్కూల్లో వేసిన తేదీ కూడా చాలాసార్లు అంచనాగా వేసిందే. రెండిటి మధ్య రెండుమూడేళ్ళ తేడా ఉంటే మిగతావి చూసి నిర్ణయించండి.

మాటలు జాగ్రత్త. యుద్ధంలో చనిపోవడం వేరు, గాయాలతో తర్వాత ఆస్పత్రిలో పోవడం వేరు, సర్వీసులో ఉండగా జబ్బుతోనో ప్రమాదంలోనో పోవడం వేరు, ఆచూకీ తెలియకపోవడం వేరు. అందరికీ "వీరమరణం" అని ఒకే ముద్ర వేస్తే వినడానికి గౌరవంగా ఉంటుంది గానీ 1918 ఫ్లూతో ఆస్పత్రిలో పోయిన కుర్రాడి అసలు కథ మాయమైపోతుంది. మన రక్షణశాఖ కాగితాల్లో షహీద్, మార్టిర్ అనే అధికారిక పదాలు కూడా లేవు, అక్కడ వాడే మాట బ్యాటిల్ క్యాజువల్టీ, అంటే పోరులో నష్టపోయిన మనిషి. మీ బోర్డు మీద "అమరులు" అని శీర్షిక పెట్టుకోండి, తప్పులేదు, మనిషి పేజీలో మాత్రం జరిగింది జరిగినట్టే ఉండాలి. ఆచూకీ తెలియనివాళ్ళని చనిపోయినవాళ్ళలో కలిపే ముందు కుటుంబాన్ని తప్పకుండా అడగండి, కొన్ని ఇళ్ళలో ఇంకా ఎదురుచూస్తుంటారు.

ఆరో పని: అనుమతి

ఫొటో, ఉత్తరం, చావు వివరాలు బయటపెట్టేముందు దగ్గరి బంధువుల్ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. వద్దంటే వద్దు, పేరు మాత్రం ఉంచి మిగతాది తీసేయండి. బతికున్నవాళ్ళ సర్వీస్ నంబర్లు, అడ్రస్‌లు పెట్టకండి, ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళ యూనిట్, పోస్టింగ్ చోటు అసలు రాయొద్దు.

ఏడో పని: మనిషికో పేజీ

బోర్డు కంటే ముందు ఇదే చేయండి. ఒక్కొక్కరికి రెండొందల మాటలు చాలు. సగం స్కూల్ గురించి ఉండాలి. మచ్చుకి ఒక పేజీ ఇలా మొదలవ్వొచ్చు: "ఈయన 1934లో ఆరో తరగతిలో చేరాడు. నాన్న రోజూ నాలుగు మైళ్ళు నడిపించి తీసుకొచ్చేవాడు. తెలుగులో మంచి మార్కులు, లెక్కల్లో అత్తెసరు. ఫుట్‌బాల్ ఫొటోలో ఎడమ నుంచి మూడోవాడు, చెప్పుల్లేవు." ఇది చదివాక చివర్లో వచ్చే యుద్ధం పేరు, తేదీ ఎలా తగుల్తాయో చూడండి. "ధైర్యసాహసాలకు మారుపేరు", "చిరస్మరణీయుడు" లాంటి మాటలు ఎవరి పేజీలోనైనా సరిపోతాయి, అంటే ఎవరి గురించీ చెప్పవు, కొట్టేయండి.

రాయడం ఇప్పటి పిల్లలకి ఇవ్వండి, తొమ్మిది, పది తరగతులవాళ్ళకి. ఒక్కో జట్టుకి ఒక్కో పేరు. పెద్దవాళ్ళు తనిఖీ చేయాలి, వాక్యాలు మాత్రం మార్చేయకండి. పదిహేనేళ్ళ పిల్ల ఇంకో పదిహేనేళ్ళ పిల్లాడి రిజిస్టర్ చదివి రాస్తే అది మనం రాసేదానిలా ఉండదు. ఇంగ్లాండ్‌లో వించెస్టర్ కాలేజ్ అనే స్కూల్లో మొదటి యుద్ధంలో పోయిన 500 మంది కోసం 1924లో పెద్ద వరండా లాంటి కట్టడం కట్టారు, అంతటితో ఆగలేదు, ఇప్పుడు ఒక్కొక్కరి జీవితం వెబ్‌సైట్‌లో చదవొచ్చు. రాతి కట్టడం మనవల్ల కాకపోవచ్చు, రెండోది మాత్రం ఏ స్కూలైనా చేయగలదు.

ఎనిమిదో పని: బోర్డు

వరస ఎలా అనేది పెద్ద గొడవ. ర్యాంకు ప్రకారం పెట్టొద్దని నేను గట్టిగా చెప్తా, ఎందుకంటే తరగతిలో ర్యాంకు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కుటుంబాలకి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన కంచు పలక మీద కూడా పేరు మాత్రమే ఉంటుంది, ర్యాంకు లేదు, కావాలనే అలా చేశారు. అక్షరక్రమం అయితే వెతకడానికి తేలిక. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకంలో 58,000కి పైగా పేర్లని పోయిన తేదీ వరసలో పెట్టారు, ఒకేరోజు కలిసి పోయినవాళ్ళు పక్కపక్కనే ఉంటారు. స్కూల్‌కి మాత్రం ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది, చదువు ముగించిన సంవత్సరం వరస, అప్పుడు ఒకే బెంచీవాళ్ళు మళ్ళీ పక్కపక్కన వస్తారు.

కింద మూడోవంతు ఖాళీ వదలండి. పేర్లు ఇంకా దొరుకుతాయి, ఖాయం. మొత్తం ఒకే రాయి కాకుండా విడి పలకలైతే తప్పు వచ్చినా ఒక్క పలకే మారుతుంది.

చెక్కడానికి ఇచ్చేముందు ఈ ఒక్క పని చేయండి, మిగతావన్నీ మర్చిపోయినా సరే: బోర్డు ఎంత ఉంటుందో అంత సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, అది పెట్టబోయే గోడకే అతికించి, పక్కన దారంతో పెన్ను కట్టి రెండు వారాలు వదిలేయండి. దాని ఫొటో అన్ని కుటుంబాలకీ పంపి వాళ్ళ పేరు పక్కన "సరిగ్గానే ఉంది" అని జవాబు తెప్పించుకోండి. మేం రెండోసారి అలా పెడితే నాలుగు తప్పులు, ఇంకో రెండు కొత్త పేర్లు వచ్చాయి.

తొమ్మిదో పని: ఏ రోజు, ఎలా

నవంబర్ 11, డిసెంబర్ 16, జూలై 26, ఇవన్నీ దేశాల రోజులు. 1918లో మొదటి యుద్ధం ఆగిన రోజు, 1971 విజయం రోజు, 1999 కార్గిల్ రోజు. మీ స్కూల్ పెద్ద కార్యక్రమం వీటిలో ఒకటి చూసుకుని పెట్టుకోండి. కానీ అసలు గుర్తుండేది ఇంకోటి: ఒక్కొక్కరు పోయిన తేదీన ఉదయం ప్రేయర్‌లో ఆ పేజీ చదవడం. పద్నాలుగు పేర్లుంటే ఏడాదిలో పద్నాలుగు ఉదయాలు, ఒక్కోటీ రెండు నిమిషాలు. మైకు, పూలదండలు, ముఖ్య అతిథి ఏమీ అక్కర్లేదు. చదివేది ఆయన మానేసిన తరగతిలో ఇప్పుడున్న పిల్లాడో పిల్లో అయితే మంచిది. బంధువులకి ముందు రోజు ఒక ఫోన్ చేయండి, రాగలిగితే వస్తారు, రాలేకపోతే ఆ సమయానికి ఇంట్లో దీపం పెట్టుకుంటారు. వచ్చినవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి, మాట్లాడమని బలవంతం చేయకండి.

ఆఖరున, ఇదంతా ఎవరి దగ్గరుంటుంది? మేనేజ్‌మెంట్ మారుతుంది, హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, చేసిన మనిషి ల్యాప్‌టాప్ పాడవుతుంది. స్కాన్లన్నీ మూడు చోట్ల ఉంచండి, ఒకటి స్కూల్లో, ఒకటి పాత విద్యార్థుల సంఘం దగ్గర, ఒకటి క్లౌడ్‌లో, పాస్‌వర్డ్ ముగ్గురికి తెలియాలి. పేజీలన్నీ ప్రింట్ తీసి కుట్టించిన పుస్తకం ఒకటి లైబ్రరీలో పెట్టండి. ఏటా ఒక నెల ఒక టీచర్, ఇద్దరు విద్యార్థులు కూర్చుని కొత్తగా వచ్చిన ఉత్తరాలు చూసి జాబితా సరిచేయాలని రాసిపెట్టండి. బోర్డు కింద ఒక చిన్న బల్ల వేసి దానిమీద రూళ్ళ నోట్‌బుక్ ఉంచండి, మొదటి పేజీలో "మీకు తెలిసినవాళ్ళు ఈ బడిలో చదివి యుద్ధానికెళ్ళి ఉంటే పేరు, ఊరు, మీ ఫోన్ నంబరు రాయండి" అని. మా నోట్‌బుక్‌లో మొదట రాసింది ఆ పెద్దావిడే. తమ్ముడి పేరు సరిగ్గా ఉందని చూసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వాడి పక్క బెంచీలో కూర్చున్న ఇంకో కుర్రాడి పేరు రాసి వెళ్ళింది. ఆయన గురించి ఇప్పుడు వెతుకుతున్నాం.